కాఫీ మిషను కాళ్లకి పసుపు

నాకు వాసన తెలీదు. పుట్టుకతో వచ్చింది కాదు. ఆ పెద్ద జ్వరాలు తిరిగినప్పుడు మా పేటంతా మంచాన పడింది. అందరికీ తగ్గినట్టే నాకూ తగ్గింది గాని, ముక్కు మాత్రం పోయినది పోయినట్టే ఉండిపోయింది. చేపలమ్మి బతికినదాన్ని. గోనె కప్పిన బుట్టలో కవళ్లున్నాయో కానాగుర్తలున్నాయో గుమ్మంలో నిలబడే చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, కరివేపాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నా కాగితం ముక్క పెట్టుకున్నట్టే ఉండేది.

మొదట్లో అది అందరికీ నవ్వులాట. "నీకేటే, మారాణివి. ఎండు సేపల పక్కన కూకుని పాయసం తినగలవు" అనేవాడు మా మావ. మావంటే మా ఆయనే, మా వైపు మొగుణ్ణి అలాగే పిలుస్తాం. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు ఒక పొద్దున్న ఆగిపోయింది.

కోడలు పురుడు పోసుకుని, పుట్టింటి నుంచి పాపనెత్తుకుని వచ్చిన కొత్త. మావా, కొడుకూ సముద్రం మీదికి చేపల వేటకి వెళ్లిపోయారు. నేను స్టవ్వు మీద పాలు పెట్టాను. వంటింటి గుమ్మానికి ఇవతలే చీర ఉయ్యాల, అందులో పాప నిద్రపోతోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది, నేను చూడలేదు. దేవుడి గూటి ముందుకెళ్లి వత్తి సరిచేసి అగ్గిపెట్టె తెరిచాను. పుల్ల చేతిలో ఉంది. అగ్గిపెట్టె చప్పుడు విని స్నానాల గదిలోంచి కోడలి కేక.

"అత్తా! గీకకు! పుల్ల గీకకు అత్తా!"

తడిబట్టలతోనే వచ్చి నా చేతిలో పుల్ల లాగేసింది. సిలిండరు కట్టేసింది, కిటికీలు తీసేసింది, పాపని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఇల్లంతా గ్యాసు నిండిపోయి ఉందట. కళ్లు మండేంత వాసనట. నాకు రోజూ ఉండే ఇల్లే అది. గోడ మీద బల్లి ఉంది, గూట్లో దేవుడున్నాడు, ఉయ్యాల ఊగుతోంది. అంతకన్నా నాకేమీ తెలియలేదు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. నిద్రలో లేచి సిలిండరు చూసొచ్చేదాన్ని. చూసొచ్చి పడుకుంటే, చూశానో లేదో అని మళ్లీ అనుమానం.

కోడలిది విజయనగరంలో ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. సెలవు అయిపోవస్తోంది. పాపని నా దగ్గర వదిలి వెళ్లాలని ముందునుంచీ అనుకున్న మాట. ఇప్పుడు ఆ పిల్ల మనసు ఊగిసలాడుతోంది. ఒకరోజు పాపకి నలుగు పెడుతూ నెమ్మదిగా అంది.

"అత్తా, నీకు సెప్పకుండా ఏటీ సెయ్యను. కోటబొమ్మాళిలో మా యమ్మకాడ దించితే ఎలగుంటాది?"

"మరి నువ్వు?"

"ఆదివారం ఆదివారం ఎల్లొస్తాను."

ఎదురు చెప్పడానికి ఏముంది? పుల్ల నా చేతిలోనే కదా ఉంది. మా కొడుకు చెవిలో కూడా పడిందా మాట, వలముడి వేసుకుంటూ తలెత్తకుండా కూర్చున్నాడు. మావ మాత్రం ఊరుకోలేదు.

"ఒలే కోడలా, మీ యత్తకి ముక్కు పోనాది గాని బుర్ర పోనేదే. మంట నేకండా వంట సెయ్యనేమేటి? ఇప్పుడన్నీ కరెంటే."

అలా తేలిందా సంగతి. అన్నానికి కరెంటు కుక్కరు ఎలాగూ ఉంది. పాలు కోడలే కాచి ఫ్లాస్కులో పోసి, సిలిండరు కట్టేసి బస్సెక్కుతుంది. మిగిలింది కాఫీ. మా పేటంతా టీ తాగుతుంది గాని, మావకి వయసులో విశాఖ హార్బరులో పనిచేసినప్పుడు కాఫీ అలవాటైంది, ఇంటికంతటికీ అంటించాడు. వేట నుంచి ఉప్పునీళ్లతో తడిసి, చలికి దవడలు కొట్టుకుంటూ వచ్చిన మనుషులకి వెంటనే కాఫీ పడాలి. నేను గుడ్డలో పొడి కట్టి, మరిగిన నీళ్లు పోసి దించేదాన్ని. నీళ్లు మరగాలంటే మంట కావాలి కదా.

"మా డాక్టర్ల గదిలో ఒక మిషనుంది అత్తా. నీళ్లు పోసి, పొడేసి బొత్తాం నొక్కితే సుక్కసుక్కగా అదే పడతాది" అంది కోడలు. తరవాత పాప వైపు చూసి, "ఒక నెల సూద్దాం" అంది. ఆ నెల నాకు పరీక్ష నెల అని ఇద్దరికీ తెలుసు.

విజయనగరం వెళ్లాం, పాపని చంకనేసుకుని నేనూ మావా కోడలూ. షాపులో అబ్బాయి రెండు మిషన్లు దించాడు. ఒకదానికి స్టీలు జగ్గు, రెండోదానికి గాజు జగ్గు.

"పిన్నీ, స్టీలుది తీసుకో. పగలదు, వేడి నిలబడతాది."

"లోపల ఏటవుతందో కనబడదు కదా నాయనా."

"కాఫీయే అవుతాది పిన్నీ, ఇంకేటవుతాది?"

"దాంతో పెట్టుకోకు బాబూ" అన్నాడు మావ. "అది సముద్రం అడుగు కూడా కనబడాలంతాది."

నేను గాజుదే కావాలన్నాను. ముక్కు చెయ్యాల్సిన కాపలా ఇకమీద కళ్లే చెయ్యాలి, కనబడని దాన్ని ఇంట్లో పెట్టుకోలేను. ఎర్ర లైటు వెలిగితే కింద పళ్లెం వేడిగా ఉన్నట్టు, స్విచ్చి తీసేదాకా అలాగే ఉంటుందని చూపించాడు. పాలు పొయ్యకూడదు, నీళ్లే పొయ్యాలని నాతో రెండుసార్లు అనిపించాడు. మాది ఉప్పు తగిలే బోరునీరని చెబితే, అప్పుడప్పుడు పొడి వెయ్యకుండా నిమ్మరసం పిండిన నీళ్లు తిప్పమన్నాడు, లోపల తెల్లగా పేరుకోకుండా. అన్నీ విని చివర్న అడిగాను.

"లోపల ఏదైనా కాల్తే ఎలగ తెలస్తాది?"

"ప్లాస్టిక్కు కాల్తే తెలీదేటి పిన్నీ! ఈదంతా కంపుకొట్టేస్తాది."

వీధంతటికీ తెలిసేది నాకు తెలీదని ఆ అబ్బాయికి ఎవరు చెబుతారు? కోడలు నా మొహం వైపు చూడకుండా పాప టోపీ సర్దింది.

మిషను ఇంటికొచ్చిన రోజు మావ దాన్ని కొత్త ఇంజను వచ్చినట్టే చూశాడు. మాకు పడవ ఇంజనంటే దేవుడితో సమానం. ప్రతి శుక్రవారం కడిగి, నూనె రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటేనే నీళ్లలోకి దించుతారు. "గరగరమంతాది, ఆవిరి కక్కుతాది. ఇంజను కాకపోతే మరేటిది?" అని కొబ్బరికాయ కొట్టాడు. దాని నెత్తిన కుంకం పెట్టాడు. దాన్ని బోర్లించి, కింద నాలుగు రబ్బరు కాళ్లుంటే, నూనెలో కలిపిన పసుపు ఆ కాళ్లకి రాశాడు, పెళ్లికూతురికి రాసినట్టు.

"పారాణి కూడా పెట్టు మావా" అని కోడలు పకపకా నవ్వింది.

"నవ్వకే. ఇంటికొచ్చిన ఆడపిల్ల ఇది."

నేను నవ్వలేదు. నాకెందుకో ఆ పసుపు ధైర్యంగా అనిపించింది. ఇంకెవరో కూడా కాపలా కాస్తున్నారనిపించింది. ఆ తరవాత ప్రతి శుక్రవారం ఇంజను పూజ అయ్యాక గిన్నెలో మిగిలిన నూనెపసుపు తెచ్చి, పాతదాని మీదే కొత్తది దాని కాళ్లకి రాసేవాడు.

కోడలు ఉద్యోగంలో చేరింది. మొదటి రోజే మిషను నన్ను వీధిలోకి పరిగెత్తించింది. మేం వాడే పొడి చికోరీ కలిపిన మెత్తటి పొడి. నీళ్లు కిందికి దిగలేక, బుట్టలాంటి గిన్నె నిండిపోయి, మూత ఎత్తుకుని మడ్డి పొంగింది. అరుగంతా నల్లటి వేణ్ణీళ్లు, బుసబుసమని ఆవిరి. నేను పాపని లాక్కుని వీధిలో పడ్డాను. ఎదురింటి వాళ్లు వచ్చి స్విచ్చి తీసి, కడుపు పట్టుకుని నవ్వారు. "కాఫీ తాగమంతే కాఫీతో తానం సేసినావేటే!" అన్నారు. కోడలు కూడా నవ్వింది, బరక పొడి తెచ్చింది. మిషను కుదురుకుంది. గాజులోకి చుక్కచుక్కగా దిగుతుంటే, ఉయ్యాల తాడు ఒక చేత్తో పట్టుకుని, కన్నార్పకుండా చూస్తూ కూర్చునేదాన్ని. దాని పక్క నుంచి లేచేదాన్ని కాదు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక పొద్దున్న పొడి తడిసి కాఫీ దిగుతుండగా, ముక్కులోకి ఏదో వచ్చింది. అన్నాళ్ల తరవాత మొదటి వాసన. టైరు తగలబెడితే వచ్చే కంపు. నాకు ముక్కు వచ్చిందన్న సంతోషం కూడా రాలేదు. ప్లగ్గు పీకేసి, పాపతో వీధిలోకొచ్చి, కోడలికి ఫోను చేశాను. "కాలిపోతన్నాది, బేగి రాయే!" పాపం ఆ పిల్ల పని వదిలి, ఆటోలో ఏడుస్తూ వచ్చింది. మిషను చుట్టూ వాసన చూసింది. జగ్గు మూత తీసి చూసింది.

"అత్తా, ఏటీ కాలనేదు. ఇది కాఫీ వాసన."

"కాదే. టైరు."

"కాఫీయే అత్తా."

నన్ను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ, ఆ జ్వరాల తరవాత పోయిన ముక్కు కొందరికి వంకరగా తిరిగొస్తుందని, అందులో కాఫీ మరీ మాడు కంపుగా తోస్తుందని చెప్పింది. మెల్లిగా సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు అంది. బస్సు దిగేముందు కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, కోపం కాదు. ఇంకోసారి ఇలగైతే నాను తట్టుకోలేను. గుంటని మా యమ్మకాడికి పట్టుకెల్లిపోతాను."

అక్కడి నుంచి నా బతుకు రోజూ రెండు భయాల మధ్య. వంకర ముక్కుని నమ్మి వీధిలోకి పరిగెత్తితే పాప కోటబొమ్మాళి వెళ్లిపోతుంది. నమ్మకపోతే, ఒకవేళ నిజంగానే కాలితే? రోజూ కాఫీ దిగేటప్పుడు టైరు కంపు వచ్చేది. రోజూ పళ్లు బిగపట్టి, "ఇది కాఫీయే, ఇది కాఫీయే" అని పైకే అనుకుంటూ కూర్చునేదాన్ని. పాప నా గొంతు విని ఉయ్యాలలో కేరింతలు కొట్టేది, పాట పాడుతున్నాననుకుని. కొన్నాళ్లకి ఆ కంపు ఇంకొంచెం ఎక్కువైనట్టు తోచింది. ముక్కు బాగవుతోంది గామోసు అనుకున్నాను. మిషను నడిచే వేళకి ఇంట్లో నేనూ పాపా తప్ప ఎవరూ ఉండరు, అడగడానికి.

పరీక్ష నెల అయిపోవస్తున్న రోజుల్లో, ఒక పొద్దున్న జగ్గు అడుగున తెల్లటి పొర కనిపించింది. షాపబ్బాయి మాట గుర్తొచ్చి, పొడి గిన్నె చింతపండుతో తోమి బోర్లించి, నిమ్మరసం నీళ్లు పోసి బొత్తాం నొక్కాను. గరగరమంది. తేటనీళ్లు జగ్గులోకి దిగుతున్నాయి. టైరు కంపు వచ్చింది.

"ఇది కాఫీయే" అన్నాను, అలవాటు కొద్దీ.

అని, జగ్గు వైపు చూశాను. నీళ్లు తెల్లగా ఉన్నాయి. పొడి ఎక్కడుంది? నేనే వెయ్యలేదు కదా.

పొగేమైనా ఉందా అని చూశాను, లేదు. ఎర్ర లైటు ఎప్పటిలాగే ఉంది. కళ్లు ఏమీ లేదంటున్నాయి. తోమిన గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. పొడి డబ్బా మూత బిగించే ఉంది. వంగి మిషను అడుగున ముక్కు పెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగేంత కంపు.

అప్పుడు కూడా నా కాళ్లు కదల్లేదు. మళ్లీ పరిగెత్తి, మళ్లీ ఏమీ లేదని తేలితే ఈ ఉయ్యాల విప్పేస్తారు. ఈ సాయంత్రమే విప్పేస్తారు. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. పాప ఏదో అరిచింది, ఆ అరుపుకి కదిలాను. నా చేతులు తడిగా ఉన్నాయి, స్విచ్చి మిషనుకి పైనే ఉంది, దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. పాపని తీసుకుని వసారాలోకి వచ్చాను. మెయిను పెట్టె అక్కడే ఉంటుంది. గోడకి చేరేసిన పాత తెడ్డు ఎండి పెళపెళలాడుతోంది. పాపని చంకలో నొక్కిపెట్టి, తెడ్డు కొనతో మెయిను కిందికి కొట్టాను. కిటికీలోంచి చూస్తే, మిషను కింద నుంచి సన్నటి పొగ లేస్తోంది, అగరొత్తి పొగలా.

కోడలికి ఫోను చెయ్యలేదు. ఏమని చెప్పను? పడవ ఒడ్డుకొచ్చేదాకా ఇసకలో కూర్చున్నాను, పాపని గుండెకి కరుచుకుని. మావ దూరం నుంచే కేకేశాడు.

"ఏటే, కాఫీ ఏదే? మమ్మల్ని సూడ్డానికొచ్చినావేటి, కొత్త పెళ్లికూతురా?"

నా మొహం చూసి ముందు కొడుకు ఇంటికి పరిగెత్తాడు.

మిషను ఎత్తితే రాలేదు. రబ్బరు కాళ్లు కరిగి అరుగు మీద వేసిన చెక్కకి అతుక్కుపోయాయి. ఇద్దరూ పట్టి ఊడలాగారు. కింద చెక్క నల్లగా కాలి గుంటపడింది. మిషను అడుగున గాలి ఆడడానికి పెట్టిన సన్నటి కంతలన్నీ నూనెపసుపుతో పూడిపోయి ఉన్నాయి. ఆ పసుపు లోపలికి కారి వైర్ల మీద చేరి, మాడి బొగ్గు కట్టింది. మావ వేలితో గీకి చూశాడు.

"కాళ్లకి రాసినాను. అదంతా లోపలికి పోతాదని నాకేటి తెలుసు" అన్నాడు. ఆ మనిషి సముద్రంలో పడవ తిరగబడిన రోజు కూడా అలాంటి గొంతుతో మాట్లాడలేదు.

సాయంత్రం కోడలు వచ్చింది. మేం ముగ్గురం మూడు మూలల్లో కూర్చుని ఉన్నాం. మిషను బోర్లించి గచ్చు మీద ఉంది. ఎవరూ చెప్పకముందే చూసేసింది. సంచి భుజానే ఉంది. ఉయ్యాల దగ్గరికెళ్లి పాపని ఎత్తుకుంది, అరికాళ్లు, అరచేతులు తడిమి చూసింది. నేను ఉయ్యాల ముడి వైపే చూస్తున్నాను, ఎప్పుడు విప్పుతుందా అని.

"ఎవులు సూసినారు ముందు?" అంది.

"నానే" అన్నాను. "కంపొచ్చింది. పొడి నేకండా కంపొచ్చింది."

"అప్పుడేటి సేసినావు?"

"గుంటని తీసినాను. తరవాత మెయిను కొట్టినాను. తెడ్డుతో. సేతులు తడి."

ఆ పిల్ల గచ్చు మీద కూలబడి, పాపని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే మావ వైపు తిరిగి, "మావా, నీ పసుపు పడవకాడ ఉంచు. ఇంట్లో ప్లగ్గున్న దేనికీ బొట్టు కూడా పెట్టకు. పెట్టినావంతే నిన్ను ప్లగ్గులో పెడతాను" అంది. మావ బుద్ధిగా తలూపాడు. కొడుకు నవ్వాపుకోలేక బయటికెళ్లాడు. నాకు నవ్వు రాలేదు. ఉయ్యాల ముడి అలాగే ఉంది గాని, రేపు సంగతేమిటో ఆ పిల్ల ఇంకా చెప్పలేదు.

తెల్లారి పాలు కాచి ఫ్లాస్కులో పోసింది, సిలిండరు కట్టేసింది. తయారై వచ్చి, పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"బస్సుకి టైమైపోతంది అత్తా" అని వెళ్లిపోయింది. కోటబొమ్మాళి మాట ఆ రోజూ అనలేదు, మళ్లీ అనలేదు.

మిషనుని విజయనగరంలో బాగుచేయించారు. అడుగు బిళ్ల మార్చారు, వైర్లు మార్చారు. కొత్తది కొందామని కొడుకన్నాడు గాని, నాకు తెలిసిన దెయ్యమే నయమనిపించింది. ఇప్పుడది చెక్క మీద కాదు, నల్లరాతి పలక మీద ఉంటుంది, నలువైపులా గాలి ఆడేలా. ప్లగ్గు దూరంగా పెట్టించాం. శుక్రవారం మావ దాని ముందు నిలబడి, ఉత్త చేతులతో దండం పెట్టి పోతాడు.

నా భయం తగ్గిందా అంటే తగ్గలేదు. పడవలు కనబడగానే పాపని చంకనేసుకుంటాను. ముందు పొడి వెయ్యను, ఒట్టి నీళ్లు కొన్ని పోసి తిప్పుతాను. అవి దిగేదాకా వంగి దాని అడుగున ముక్కు పెడతాను. పాప కూడా నాతోపాటు వంగి, ముక్కు ఎగబీలుస్తుంది, అదేదో ఆట అనుకుని. ఏమీ రాకపోతే అప్పుడు పొడి వేసి మళ్లీ నొక్కుతాను. కాసేపటికి టైరు కంపు గుప్పుమంటుంది. అమ్మయ్య, కాఫీ దిగుతోంది అనుకుని గ్లాసులు సర్దుతాను.